వేడైన ఇంజిన్‌ని చల్లగా ఉందని చెప్పే సెన్సర్: పాత పెట్రోలు కారులో తప్పు పట్టుకునే పద్ధతి

పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకునే బండి, బజారులో పది నిమిషాలు ఆపితే మాత్రం మళ్లీ స్టార్ట్ కానని మొరాయిస్తుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే దగ్గుతూ దగ్గుతూ అందుకుంటుంది. సైలెన్సర్ నల్లపొగ కక్కుతుంది, పచ్చి పెట్రోలు వాసన గుప్పుమంటుంది. ప్లగ్గులు విప్పి చూస్తే పింగాణీ మీద పొడిపొడిగా మసి. మైలేజీ లీటరుకి మూడు నాలుగు కిలోమీటర్లు పడిపోయి ఉంటుంది. 2000 నుంచి 2012 మధ్య వచ్చిన ఎంపీఎఫ్ఐ (ప్రతి సిలిండర్‌కీ విడి ఇంజెక్టర్‌తో పెట్రోలు చిమ్మే) పెట్రోలు కార్లలో ఈ లక్షణాలన్నీ కలిసి కనిపిస్తే ప్లగ్గులు, ఇంజెక్టర్లు, ఆక్సిజన్ సెన్సర్ అంటూ ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోకండి. ముందు కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ సర్క్యూట్ చూడండి, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం (కూలెంట్) ఎంత వేడిగా ఉందో చెప్పే సెన్సర్, దాని వైర్లు.

సర్క్యూట్ అని కావాలనే అంటున్నాం. కొత్త సెన్సర్ వేసినా తగ్గలేదంటే తప్పు కప్లర్‌లోనో (సెన్సర్‌కి వైర్లు తగిలించే ప్లగ్గు), వైరులోనో, ఎవరో ఎప్పుడో తీసి పారేసిన థర్మోస్టాట్ వాల్వ్‌లోనో (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్) ఉండొచ్చు. మల్టీమీటర్‌తో అరగంట కొలిస్తే ఎక్కడుందో తేలిపోతుంది. కొలవకుండా మార్చిన సెన్సర్ డబ్బు దండగ. పైగా పాత ఒరిజినల్ సెన్సర్ బాగానే ఉండి, దాని స్థానంలో నాసిరకం కొత్తది కూర్చుంటే రెండో తప్పు మనమే తెచ్చిపెట్టుకున్నట్టు.

ఈ సెన్సర్ చేసే పని

ఇత్తడి గొట్టం కొసలో ఒక చిన్న థర్మిస్టర్. చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం ఎక్కువ, వేడెక్కేకొద్దీ తగ్గుతుంది. ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, లోపలి నుంచి ఒక రెసిస్టర్ గుండా 5 వోల్టులు పంపి, సెన్సర్ దగ్గర ఎంత మిగిలిందో చూసి, దాన్ని ఉష్ణోగ్రతగా లెక్కకట్టుకుంటుంది. అంతే యంత్రాంగం. అంటే ఈసీఎంకి వేడి తెలియదు, ఓమ్‌లు (నిరోధం కొలత) మాత్రమే తెలుసు. ఆ దారిలో ఎక్కడ ఓమ్‌లు చేరినా ఇంజిన్ చల్లగా ఉందనుకుంటుంది, ఎక్కడ తగ్గినా వేడిగా ఉందనుకుంటుంది.

చల్లగా ఉందనుకుంటే పాత కార్బొరేటర్ బండిలో చోక్ లాగినట్టే పెట్రోలు ఎక్కువ పోస్తుంది. నిజంగా వేడిగా ఉన్న ఇంజిన్‌లో అంత పెట్రోలు పడితే సిలిండర్లు తడిసిపోతాయి. యాక్సిలరేటర్ మొత్తం తొక్కి సెల్ఫ్ కొడితే స్టార్ట్ కావడానికి కారణం కూడా అదే: చాలా ఎంపీఎఫ్ఐ బండ్లలో అలా తొక్కినప్పుడు ఈసీఎం ఇంజెక్టర్లని ఆపేసి, లోపలి తడి ఆరనిస్తుంది. ఈ కిటుకుతో స్టార్ట్ అయిందంటే పెట్రోలు ఎక్కువ పడుతోందని రుజువైనట్టే. ఇలాగే నడిపితే కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తుంది, ఇంకొంత రింగుల పక్కనుంచి జారి ఇంజిన్ ఆయిల్‌ని పలచన చేస్తుంది. డిప్‌స్టిక్ వాసన చూడండి. పెట్రోలు వాసన గట్టిగా వస్తే రిపేరు అయ్యాక ఆయిల్ కూడా మార్చాలి.

తప్పు ఎదురు దిక్కున కూడా రావచ్చు. చల్లటి ఇంజిన్‌ని వేడిగా ఉందని చెబితే పొద్దున్నే పెట్రోలు చాలదు: నాలుగైదు సెల్ఫ్‌లు, స్టార్టయ్యాక వణుకు, రెండు మూడుసార్లు ఆగిపోవడం, వేడెక్కాక ఏమీ జరగనట్టు మామూలైపోవడం. ఇబ్బంది వేడిలోనా, చల్లదనంలోనా అన్నది గుర్తుపెట్టుకోండి. తప్పు ఎటువైపుందో సగం చెప్పేది అదే.

ముందు సరైన సెన్సర్‌ని గుర్తుపట్టండి

చాలా పాత బండ్లలో వేడిని చూసేవి రెండుంటాయి. ఒక్క వైరుది డాష్‌బోర్డు మీద ముల్లు కోసం. రెండు వైర్లది ఈసీఎం కోసం. రెండూ థర్మోస్టాట్ హౌసింగ్ చుట్టుపక్కలే ఉంటాయి. ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడింది కాబట్టి సెన్సర్ బాగుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ముల్లుకీ ఈసీఎంకీ సంబంధమే ఉండకపోవచ్చు. కొన్ని బండ్లలో మూడు పిన్నుల సెన్సర్ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. కొన్నింటికి రేడియేటర్ అడుగున ఫ్యాన్ స్విచ్ విడిగా ఉంటుంది, అది సెన్సర్ కాదు. దానికి ఓమ్‌ల లెక్క వర్తించదు.

కావాల్సినవి పెద్దగా ఏమీ లేవు. 20 కిలో ఓమ్ రేంజి ఉన్న డిజిటల్ మల్టీమీటర్, 100 డిగ్రీలు దాటి చూపించే థర్మామీటర్, రెండు సన్నటి గుండుసూదులు, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే. బ్లూటూత్ స్కానర్ ఉంటే పని తేలిక. అయితే అది అన్ని పాత బండ్లతోనూ మాట్లాడదు. 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో భారత్ స్టేజ్ 4 కాలుష్య ప్రమాణాలు వచ్చాకే మన కార్లలో ఓబీడీ (బండి తన తప్పులు తానే పట్టుకుని స్కానర్‌కి చెప్పే ఏర్పాటు) తప్పనిసరి కావడం మొదలైంది. అంతకు ముందు బండ్లలో 16 పిన్నుల పోర్టు కనిపించినా లోపల కంపెనీ సొంత భాషే ఉండొచ్చు. స్కానర్ కనెక్ట్ కాకపోతే బండి చెడినట్టు కాదు, మల్టీమీటర్‌తోనే మొత్తం పని జరుగుతుంది.

డాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైట్ వెలగలేదు కదా అంటే

ఈ తప్పులో అసలు చిక్కు ఇక్కడే ఉంది. పాత ఈసీఎం పట్టుకోగలిగేది రెండు చివరలనే. వైరు పూర్తిగా తెగితే అది మైనస్ 40 డిగ్రీలని చదువుతుంది, పి 0118 అనే తప్పు కోడ్ పెడుతుంది. పూర్తిగా షార్ట్ అయితే 130 డిగ్రీలు దాటినట్టు చదివి పి 0117 పెడుతుంది. కానీ 85 డిగ్రీల ఇంజిన్‌ని 55 అని చదివితే దానికి అనుమానం రాదు. 55 అన్నది జరగగలిగే అంకే. కాబట్టి లైటు వెలగదు, బండి మాత్రం తాగుతూనే ఉంటుంది.

ఇంకో మాట. కోడ్ వచ్చిన బండిలో ఈసీఎం సెన్సర్ మాట పక్కనబెట్టి తన దగ్గరున్న ఒక అంకెతో నడిపిస్తుంది, ముందు జాగ్రత్తగా రేడియేటర్ ఫ్యాన్‌ని ఆపకుండా తిప్పుతుంది. ఇగ్నిషన్ ఆన్ చేయగానే, ఏసీ వేయకుండానే ఫ్యాన్ తిరగడం మొదలైతే ఈ సర్క్యూట్ తెగిందేమో మొదట చూడండి.

మొదటి పరీక్ష: రాత్రంతా ఆగిన బండి

ఇంతకంటే చవకైన పరీక్ష లేదు. బండిని రాత్రంతా నీడలో ఆపండి. ఎనిమిది గంటలు గడిచాక ఇంజిన్, అందులో నీళ్లు, చుట్టూ గాలి అన్నీ ఒకే వేడిలో ఉంటాయి. స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి స్కానర్‌లో రెండు అంకెలు చూడండి: కూలెంట్ ఉష్ణోగ్రత, ఇంజిన్‌లోకి పోయే గాలి ఉష్ణోగ్రత. రెండింటి మధ్య తేడా మూడు డిగ్రీలు దాటకూడదు. మే నెలలో విజయవాడలో తెల్లవారుజామున రెండూ 30 దగ్గర ఉండాలి, డిసెంబరులో ఆదిలాబాద్‌లో అయితే 10, 12 చూపించినా తప్పులేదు. గాలి 30 చూపిస్తూ కూలెంట్ 42 చూపిస్తే తప్పు దొరికినట్టే.

స్కానర్ లేకపోతే ఇగ్నిషన్ ఆపి, కప్లర్ ఊడదీసి, సెన్సర్ రెండు పిన్నుల మధ్య నిరోధం కొలవండి. కప్లర్ తగిలించి ఉండగా ఓమ్‌లు ఎప్పుడూ కొలవకూడదు: ఈసీఎం లోపలి భాగాలు కూడా కలిసి అంకె చెడిపోతుంది. మన దగ్గర తిరిగే చాలా కార్లలో కనిపించే రకం సెన్సర్‌కి రావాల్సిన లెక్క ఇదీ:

10 డిగ్రీలకి 3.8 కిలో ఓమ్
20 డిగ్రీలకి 2.5 కిలో ఓమ్
30 డిగ్రీలకి 1.7 కిలో ఓమ్
40 డిగ్రీలకి 1.17 కిలో ఓమ్
60 డిగ్రీలకి 600 ఓమ్
80 డిగ్రీలకి 320 ఓమ్
100 డిగ్రీలకి 187 ఓమ్

పది శాతం అటూ ఇటూ ఉంటే పట్టించుకోవద్దు. కొన్ని రకాలు పూర్తిగా వేరు: కొన్ని ఫోర్డ్ ఇంజిన్ల సెన్సర్లు 20 డిగ్రీల దగ్గర 37 కిలో ఓమ్ చూపిస్తాయి, అది చెడిపోయిందని కాదు. అందుకే మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో అంకె దొరికితే దాన్నే నమ్మండి.

అబద్ధపు ఓమ్‌లు

ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే చల్లగా ఉన్నప్పుడు పాసైన సర్క్యూట్ వేడిలో ఫెయిల్ కావచ్చు. దాన్ని పట్టుకోలేకే బండ్లు షెడ్డు నుంచి షెడ్డుకి తిరుగుతాయి.

కప్లర్ పిన్ను మీద చిలుము పట్టి, అక్కడ 270 ఓమ్‌ల నిరోధం అదనంగా చేరిందనుకుందాం. పొద్దున్నే 30 డిగ్రీల దగ్గర సెన్సర్ 1,700 ఓమ్‌లు. దానికి 270 కలిస్తే 1,970. ఈసీఎం దాన్ని 26 డిగ్రీలని చదువుతుంది. నాలుగు డిగ్రీల తేడా, ఎవరికీ కనిపించదు, బండి హాయిగా స్టార్ట్ అవుతుంది. అదే ఇంజిన్ 80 డిగ్రీలకి చేరాక సెన్సర్ 320 ఓమ్‌లే. దానికి అవే 270 కలిస్తే 590. ఈసీఎం చదివేది 60 డిగ్రీలు! ఇరవై డిగ్రీల అబద్ధం. చిలుము మారలేదు, ఓమ్‌లు మారలేదు, వేడిలో అసలు అంకె చిన్నదైపోవడం వల్ల అబద్ధం పెద్దదైంది. పొద్దున బాగుండి బజారులో మొరాయించే బండి కథ ఇదే.

నీళ్లు దిగిన కప్లర్ దీనికి సరిగ్గా తిరగబడి పనిచేస్తుంది. బండి కడిగినప్పుడో వానకో రెండు పిన్నుల మధ్య తడి చేరి, కరెంటుకి పక్కదారి ఏర్పడుతుంది. ఆ పక్కదారి 2.5 కిలో ఓమ్ అనుకుంటే, 20 డిగ్రీల చల్లటి ఇంజిన్‌ని ఈసీఎం 38 డిగ్రీలని చదువుతుంది. వేడెక్కి 80కి చేరాక మాత్రం 84 అంటుంది, అంతే. అందుకే వాన పడ్డ మర్నాడు పొద్దున స్టార్టింగ్ కష్టం, మధ్యాహ్నానికి మాయం.

కాబట్టి వేడిలో మాత్రమే ఇబ్బంది ఉంటే ఎక్కువైన ఓమ్‌ల కోసం వెతకండి: చిలుము, వదులు పిన్ను, సగం తెగిన వైరు, బలహీనపడ్డ ఎర్త్. చల్లదనంలో మాత్రమే ఉంటే తగ్గిన ఓమ్‌ల కోసం వెతకండి: తడి, కప్లర్‌లోకి కారిన కూలెంట్, ఒకదానికొకటి రాసుకుంటున్న వైర్లు. ఇత్తడి గొట్టానికీ ప్లాస్టిక్ తలకీ మధ్య అతుకు పగిలితే కూలెంట్ సెన్సర్ లోపల్నుంచే పాకి కప్లర్‌లోకి వస్తుంది. కప్లర్ ఊడదీసినప్పుడు పిన్నుల చుట్టూ రంగు మరక లేదా తెల్లటి పొక్కు కనిపిస్తే ఆ సెన్సర్‌ని ఇంకేమీ కొలవకుండానే మార్చేయవచ్చు.

వైరింగ్ పరీక్ష

కప్లర్ ఊడదీసి ఇగ్నిషన్ ఆన్ చేయండి, ఇంజిన్ వద్దు. మీటర్ 20 వోల్టుల డీసీలో పెట్టి కప్లర్ రెండు పిన్నుల మధ్య చూడండి. 4.8 నుంచి 5.1 వోల్టులు రావాలి. వస్తే వైర్లు తెగలేదని అర్థం.

రాకపోతే మీటర్ నల్ల తీగని బ్యాటరీ మైనస్‌కి పెట్టి ఒక్కో పిన్నూ విడిగా చూడండి. ఒక పిన్ను మీద 5 వోల్టులు ఉండి, రెండో పిన్నుతో మాత్రం రాకపోతే సెన్సర్ ఎర్త్ వైరు తెగింది. ఏ పిన్ను మీదా 5 లేకపోతే సిగ్నల్ వైరు తెగి ఉండాలి, బాడీకి షార్ట్ అయినా అయ్యుండాలి. ఒకవేళ మిగతా సెన్సర్లకి కూడా 5 వోల్టులు అందడం లేదని తేలితే సమస్య ఈసీఎం సరఫరా దగ్గరుంది, ఈ సెన్సర్ దగ్గర కాదు.

ఈ ఎర్త్ వైరు గురించి ఒక హెచ్చరిక. అది బాడీకి పోదు, తిరిగి ఈసీఎంలోకే పోతుంది. అది తెగినప్పుడు దగ్గర్లో ఉన్న బోల్టుకి ఒక వైరు బిగించి పని కానిచ్చేయడం చాలాచోట్ల చూస్తాం. సెల్ఫ్ కొట్టేటప్పుడు, ఫ్యాన్ తిరిగేటప్పుడు ఇంజిన్ బ్లాకు మీద వచ్చే వోల్టేజీ తేడా అంతా అప్పుడు సెన్సర్ సిగ్నల్‌లో కలుస్తుంది. తెగిన చోటు వెతికి అక్కడే అతకండి.

తర్వాత కప్లర్ తిరిగి పెట్టి, వెనక రబ్బరు సీలు పక్కనుంచి గుండుసూది మెల్లగా దూర్చి పిన్నుకి తాకించండి. వైరు తొడుగు మాత్రం పొడవకండి, ఆ రంధ్రంలోంచి తేమ దిగి ఆరునెలల్లో రాగి పచ్చబడుతుంది. ఇంజిన్ నడుస్తుండగా సెన్సర్ ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య 0.05 వోల్టు మించకూడదు. హెడ్‌లైట్లు, ఏసీ, వెనక డీఫాగర్ అన్నీ వేసి మళ్లీ చూడండి. అంకె పైకి పాకిందంటే ఇంజిన్ ఎర్త్ పట్టీలు విప్పి శుభ్రం చేయాల్సిందే.

సిగ్నల్ పిన్ను మీద చల్లటి ఇంజిన్‌కి రెండు మూడు వోల్టులు, పూర్తిగా వేడెక్కాక 0.4 నుంచి 0.8 వోల్టుల దాకా ఉంటుంది. కచ్చితమైన అంకె బండిని బట్టి మారుతుంది. చూడాల్సింది అది మెల్లగా, నునుపుగా దిగుతోందా లేదా అని. ఒక్కసారిగా 5కి ఎగిరి మళ్లీ దిగితే ఎక్కడో కాంటాక్ట్ పోతోంది. అంకె చూస్తూ కప్లర్ నుంచి మొదలుపెట్టి జానెడు జానెడు చొప్పున వైరింగ్‌ని కదపండి. ఎక్కడ కదిపితే ఎగురుతుందో తప్పు అక్కడే. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గరగా వెళ్లే చోట, బ్యాటరీ ట్రే కింద, ఎలుకలు గూడు పెట్టే ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) మూలలో ప్రత్యేకంగా చూడండి.

స్కానర్ ఉన్నవాళ్లకి ఇంకో దగ్గరిదారి. కప్లర్ ఊడదీస్తే అంకె మైనస్ 40కి పోవాలి. కప్లర్ రెండు పిన్నులని చిన్న వైరు ముక్కతో కలిపితే పై చివరకి, 130 దాటి పోవాలి. రెండూ జరిగితే వైర్లు తెగలేదు, ఈసీఎం చదవగలుగుతోంది, మిగిలింది సెన్సరూ పిన్నుల బిగువూ. కొన్ని ఈసీఎంలు కప్లర్ ఊడగానే తమ సొంత అంకె, 80 లాంటిది, చూపించడం మొదలుపెడతాయి. అది చూసి వైరింగ్ చెడిందనుకోవద్దు.

సెన్సర్ నిజమే చెబుతుంటే?

సెన్సర్, వైర్లు అన్నీ లెక్కకి సరిపోయి, స్కానర్‌లో మాత్రం హైవే మీద కూలెంట్ 60, 65 దాటకపోతే సెన్సర్‌ని తిట్టకండి. ఇంజిన్ నిజంగానే చల్లగా ఉంది. మన దగ్గర ఎండలు ఎక్కువని, హీటెక్కకుండా ఉంటుందని థర్మోస్టాట్ వాల్వ్ పీకి పక్కన పడేసే అలవాటు చాలా పాతది. వాల్వ్ లేని ఇంజిన్‌కి నీళ్లు పొద్దుట్నుంచీ రేడియేటర్ గుండానే తిరుగుతాయి. ఈసీఎం ఇంజిన్ ఇంకా వేడెక్కలేదని నిజాయితీగా అనుకుని పెట్రోలు పోస్తూనే ఉంటుంది.

దీన్ని చేత్తోనే కనిపెట్టవచ్చు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై హోస్ పైపు మీద చెయ్యి పెట్టండి. వాల్వ్ బాగుంటే పైపు చాలాసేపు చల్లగానే ఉండి, వాల్వ్ తెరుచుకునే వేడి రాగానే, చాలా బండ్లలో అది 82 లేదా 88 డిగ్రీలు, ఉన్నట్టుండి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. మొదటి నిమిషం నుంచే గోరువెచ్చగా మొదలై మెల్లమెల్లగా వేడెక్కితే వాల్వ్ లేదు, లేదా తెరుచుకున్నట్టే ఇరుక్కుపోయింది. కొత్త వాల్వ్, కొత్త గ్యాస్కెట్ వేస్తే మైలేజీ కూడా తిరిగొస్తుంది.

నీటి మట్టం తక్కువున్నా ఇలాంటి వింతలే: సెన్సర్ కొస నీళ్లలో కాకుండా గాలి బుడగలో ఉంటే అంకె ఊగిసలాడుతుంది.

గిన్నెలో పరీక్ష

ఇంకా అనుమానం తీరకపోతే సెన్సర్ విప్పి వేడినీళ్లలో పరీక్షించండి. పాత గిన్నెలో నీళ్లు పోసి, సెన్సర్‌ని తీగకి కట్టి ఇత్తడి కొస మాత్రమే మునిగేలా వేలాడదీయండి. అడుగుకి తగలకూడదు, అడుగు నీటికంటే వేడిగా ఉంటుంది. పక్కనే థర్మామీటర్. మంట సన్నగా పెట్టి, ప్రతి పది డిగ్రీలకీ మంట తగ్గించి, కలియబెట్టి, ఓమ్‌లు రాసుకోండి. ప్రతి చోటా స్క్రూడ్రైవర్ పిడితో సెన్సర్ తలని మెల్లగా తట్టండి. తట్టినప్పుడు అంకె గెంతితే లోపల అతుకు వదిలింది. హైదరాబాద్ ఎత్తు వల్ల అక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, థర్మామీటర్ 100 చూపలేదని కంగారు వద్దు.

నీళ్లు చల్లారేటప్పుడు కూడా రాసుకోండి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒకే ఉష్ణోగ్రతకి ఒకే ఓమ్‌లు రావాలి. బోరు నీళ్లు పోసిన బండ్లలో ఇత్తడి కొస మీద తెల్లటి గార పేరుకుని ఉంటుంది, కుండలో పట్టే ఉప్పు గారలాగే. అది వేడిని ఆలస్యంగా లోపలికి పోనిస్తుంది కాబట్టి అంకె ఎప్పుడూ కాస్త వెనకబడి నడుస్తుంది. అలాంటి బండికి కొత్త సెన్సర్ ఒక్కటే చాలదు, రేడియేటర్ మొత్తం ఫ్లష్ చేయించాలి.

మార్చేటప్పుడు

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే లోపల ప్రెషర్‌తో ఉన్న మరిగే కూలెంట్ ముఖం మీద చిమ్ముతుంది. కింద ట్యాప్ దగ్గర ఒక శుభ్రమైన గిన్నె పెట్టి లీటరో లీటరున్నరో దించుకుంటే సెన్సర్ విప్పినప్పుడు కారదు. చాలా బండ్లలో 19 నంబరు డీప్ సాకెట్ పడుతుంది.

కొత్త సెన్సర్ కొన్నాక బిగించక ముందే మీటర్ పెట్టి చూడండి. గది వేడి 30 ఉంటే 1.7 కిలో ఓమ్ రావాలి, చేత్తో కొసని పట్టుకుంటే తగ్గుతూ పోవాలి. పార్ట్ నంబరు పాతదానితో కలవాలి. ఒకే మరలు, ఒకే కప్లర్ ఉండి లోపలి లెక్క వేరేగా ఉన్న సెన్సర్లు దుకాణాల్లో పక్కపక్కనే దొరుకుతాయి.

రాగి వాషర్ కొత్తది వేయండి. వాషర్ ఉన్నచోట టెఫ్లాన్ టేపు అక్కర్లేదు. ముల్లు కోసం ఉండే ఒక్క వైరు సెన్సర్‌కైతే టేపు చుడితే హానే, దానికి ఎర్త్ మరల గుండానే అందాలి. ముందు చేత్తో రెండు మూడు చుట్లు తిప్పి, మర సరిగ్గా పడిందని తెలిశాకే రెంచి పట్టుకోండి. అల్యూమినియం హౌసింగ్‌లో ఇత్తడి మర: మాన్యువల్‌లో చెప్పిన బిగువు, సాధారణంగా 15 న్యూటన్ మీటర్ల దగ్గర, దాటితే హౌసింగ్ మరలే ఊడిపోతాయి. కప్లర్ పిన్నులని స్ప్రేతో కడిగి ఆరనివ్వండి, గరుకు కాగితంతో రుద్దకండి, పైపూత పోతే చిలుము మరింత త్వరగా పడుతుంది. వదులైన ఆడ పిన్నుని సన్నటి సూదితో కొంచెం దగ్గరకి నొక్కండి. తెగిన వైరుని మెలిపెట్టి టేపు చుట్టి వదిలేయకుండా టంకం వేసి ష్రింక్ స్లీవ్ తొడగండి.

కూలెంట్ నింపేటప్పుడు బోరు నీళ్లు వద్దు. రెడీమేడ్ కలిపిన కూలెంట్ పోయండి, లేదా గాఢమైనదాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో డబ్బా మీద చెప్పిన పాళ్లలో కలపండి. ముందున్న రకానికి వేరే రకాన్ని కలపకండి. హీటర్ పూర్తి వేడిలో పెట్టి, మూత తీసే ఉంచి ఇంజిన్ ఐడిల్‌లో నడపండి, పై హోస్‌ని మధ్యమధ్యలో పిసకండి, బుడగలు ఆగి మట్టం దిగినకొద్దీ పోస్తూ, ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగాక మూత బిగించండి.

పాత కోడ్లు స్కానర్‌తో చెరిపేయండి. పావుగంట నడిపాక స్కానర్‌లో ఫ్యూయల్ సిస్టమ్ క్లోజ్డ్ లూప్ అని చూపించాలి, అంటే ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి ఈసీఎం పెట్రోలు సరిచేస్తోందన్నమాట. ఇంకా ఓపెన్ లూప్‌లోనే ఉంటే ఈసీఎంకి ఇంజిన్ వేడెక్కిందన్న కబురు ఇంకా అందలేదు, లేదంటే ఆక్సిజన్ సెన్సర్ వంతు వచ్చింది. మర్నాడు పొద్దున రాత్రంతా ఆగిన బండి పరీక్ష మళ్లీ చేసి, ఈసారి రెండు ఉష్ణోగ్రతలూ కలిశాయో లేదో చూడండి. మసి పట్టిన ప్లగ్గులని శుభ్రం చేసి బిగించి, వంద కిలోమీటర్లు తిరిగాక ఒకటి విప్పండి. పింగాణీ బిస్కట్ రంగులోకి తిరిగి ఉండాలి. అదే సమయంలో కప్లర్ ఒకసారి ఊడదీసి, లోపల పొడిగా ఉందో లేదో వేలితో తాకి చూడండి.